చెరువు దాటని బంతి

2023 వానాకాలం. సూర్యాపేటలో మెడికల్ షాపు పై అంతస్తులో నా ఫిజియోథెరపీ గది. మెట్లెక్కగలిగితే సగం రోగం నయమైనట్టేనని బిల్డింగ్ ఓనరు జోకు వేసేవాడు. మోకాళ్ల నొప్పుల పేషెంట్లెవరూ నవ్వినట్టు గుర్తులేదు.

సత్యనారాయణ సేటు కోదాడ నుంచి వచ్చేవారు. రైస్ మిల్లు ఓనరు, అరవై దాటిన మనిషి. పక్షవాతం కుడిచేతిని పట్టింది. పిడికిలి బిగుస్తుంది, విప్పడం మాత్రం దాని ఇష్టం. దీన్ని స్పాస్టిసిటీ అంటాం. కండరం బిగుసుకుపోయి మన మాట వినదన్నమాట.

మొదటి రోజు ప్రతి పేషెంటునూ ‘గోల్’ అడుగుతాం, అంటే ఏ పని మళ్లీ చేసుకోవాలని ఉందో. అందరూ అన్నం కలుపుకోవాలంటారు. సేటు గోల్ఫ్ ఆడాలన్నారు. బియ్యం వ్యాపారంలో పరిచయమైన హైదరాబాదు మిత్రుడు అంటించిన పిచ్చి అది. మిల్లులో వడ్లు ఆరబోసే గచ్చు మీదే ప్రాక్టీసు. ఒక బంతి బియ్యం బస్తాలో పడి కేరళ దాకా పోయిందని హమాలీలు చెప్పుకునేవారు.

చలికాలానికి గోల్ఫ్ కర్ర మీద పట్టు కుదిరింది. నన్ను కారెక్కించుకుని హైదరాబాదు అవతల గుట్టల్లో ఉన్న గోల్ఫ్ కోర్సుకు బయల్దేరారు. చిట్యాల దాటాక చెప్పారు.

“ఇవాళ బంతి అక్కడి చెరువు దాటితే మిల్లు నేనే నడుపుతా డాక్టరూ. దాటకపోతే లీజుకిచ్చేస్తా.”

“బంతికీ మిల్లుకూ ఏం సంబంధం సేటూ?”

“రెండూ ఈ చేత్తోనేగా. వడ్లు నలిపితే తేమ తెలియాల. ఇప్పుడు వడ్లూ ఇసకా ఒకటే నాకు.”

అందానికి అందమే ఆ చోటు. నల్లటి రాతిగుండ్ల నడుమ చెరువు, అవతలి ఒడ్డున పచ్చిక, మధ్యలో జెండా. మా దగ్గర ఉంటే ఈపాటికి కంకర మిషన్ పెట్టేవాళ్లు.

మొదటి బంతి చెరువులో పడింది. రెండోదీ అంతే. మూడోది అవతలి గుండుకు తగిలి, కాస్త ఆశపెట్టి, చెరువులోకే జారింది. ఒడ్డున కొంగ విసుగ్గా పక్కకు జరిగింది.

బ్యాగు మోసే క్యాడీ మెల్లగా అన్నాడు. “గా అవతలి ఒడ్డుకు పోయి బంతి ఆడ పెట్టుకోవచ్చు సార్. ఒక దెబ్బ ఎక్కువ లెక్కేస్తరు, గంతే.”

“దాటినట్టు అవుద్దా?”

క్యాడీ నావైపు చూశాడు. నేను కొంగవైపు చూశాను.

“కాదు సార్.”

సేటు ఆట ఆపేశారు. తిరుగు దారిలో నార్కట్‌పల్లి దగ్గర చాయ్‌కి ఆగాం. ఆయన కుడిచెయ్యి గ్లాసు అందుకోలేదు. నేను పిడికిలి ఒక్కో వేలే విప్పితే లోపల నాలుగో బంతి ఉంది.

“ఇది కూడా కొట్టకపోతిరి?”

“అదీ మునిగితే?”

తర్వాతి సోమవారం మెట్లెక్కి వచ్చారు. చొక్కా గుండీలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో ఉన్నాయి. మిల్లు లీజుకిచ్చేశానన్నారు.

“ఇప్పుడు గోల్ ఏం రాయమంటరు సేటూ?”

“చొక్కా గుండీలు.”

ఇప్పుడు నేను ప్రతి పేషెంటునూ అడిగే రెండో ప్రశ్న అప్పుడే మొదటిసారి నా నోటికి వచ్చింది.

“అది గాకపోతే ఎట్ల?”

సేటు తాపీగా ఆలోచించారు.

“బనీనుతోనే కూర్చుంటా. మిల్లుకి పొయ్యేదేముంది ఇంక.”