ఎనిమిదిన్నర వేళ

నా భార్య పోయి నెల తిరక్కముందే ఒక తాళంకప్ప కొన్నాను. పెళ్లయిన పదకొండేళ్లలో మా క్వార్టర్సుకి బయటి నుంచి తాళం వేసే పని నాకు ఎప్పుడూ పడలేదు. ఇద్దరం ఊరెళ్లినా వేసేది ఆమే. ఆ పాత తాళం ఎక్కడ పెట్టిందో నాకు దొరకలేదు. అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. నేను పోర్టులో గుమాస్తాని. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి చెప్పులేసుకుని మెట్టు దిగగానే వెనక గొళ్ళెం పడేది. సముద్రం గాలికి తలుపు ఉబ్బి బిగుసుకుపోయేది కాబట్టి, ఆమె ముందు భుజంతో ఒకసారి నెట్టి, తర్వాత గొళ్ళెం లాగేది. రెండు చప్పుళ్లు. నూనె వెయ్యమని చాలాసార్లు అంది. ఆదివారం వేస్తాననేవాణ్ణి.

మా వీధి చివర రామమందిరంలో శనివారాలు కొంతమంది కూర్చునేవారు. దాన్ని నడిపింది రిటైరైన ఒక టీచరమ్మ గారు. మందిరం తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండేది. ఒక భజనతో మొదలయ్యేది, కానీ ఎవరూ భజన కోసం వచ్చేవాళ్లు కాదు. అందరం ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లమే. ఏడెనిమిది మందిమి. ఆవిడ దాన్ని క్లాసు అనేవారు. జరిగింది మాత్రమే చెప్పాలి, దాని మీద వ్యాఖ్యానం చెయ్యకూడదు. అది మొదటి నియమం. రెండోది ఇంకే భజన మందిరంలోనూ నేను చూడలేదు. నెలకి ఒకరి వంతు. పోయిన మనిషి లేకుండా రోజులో ఏ వేళ గడవడం లేదో వాళ్లు చెప్పాలి. ఆ నెల నాలుగు శనివారాలూ అందరం ఆ వేళకి వాళ్ల దగ్గర కూర్చోవాలి.

"ఇక్కడ ఏడిస్తే ఇంట్లో తేలికవదండి. ఏడుపొచ్చే చోటికే వెళ్దాం" అనేవారు ఆవిడ.

పోర్టులో బరువులెత్తే వించి నడిపే ఒకాయనకి ఆ వేళ మధ్యాహ్నం మూడు. కొడుకు ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి పని నుంచి మూడింటికి వచ్చేవాడు. తండ్రీ కొడుకూ అప్పుడు కలిసి తినేవారు. కొడుకు కామెర్లతో పోయాక ఆయనకి ముద్ద దిగేది కాదు. ఆ నెల మేమంతా శనివారాలు మూడింటి దాకా ఆగి ఆయన పక్కన కూర్చుని తిన్నాం. జాలరిపేట నుంచి వచ్చే చేపలామెకి తెల్లవారుజాము. మొగుడు సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవలు ఒడ్డుకొచ్చే వేళకి ఇసకలో ఆమె పక్కన కూర్చునేవాళ్లం. వచ్చిన ప్రతి పడవలోకీ ఆమె తొంగి చూసేది. మేం ఆపలేదు.

తర్వాత నా వంతు వచ్చింది.

"బావా, నీ ఏల ఎప్పుడో సెప్పవేటి?" అన్నాడు వించాయన. పోర్టులో అందరూ అందరికీ బావలే.

నేను పుస్తకాలు చదివేవాణ్ణి. ఇంటికి తాళం వెయ్యడం నా దుఃఖమని చెప్పడానికి సిగ్గేసింది. కొడుకుని, మొగుణ్ణి పోగొట్టుకున్నవాళ్ల ముందు అది మరీ చిన్న సంగతిలా తోచింది. "సాయంత్రం ఆరింటికి. దీపం పెట్టే వేళ" అన్నాను. వినడానికి బాగుంది. అందరూ తలలూపారు.

"దీపం ఆవిడే పెట్టేవారా?" అని అడిగారు టీచరమ్మ గారు.

అవునన్నాను. అది నిజమే. కాకపోతే ఆరింటికి నేను ఏనాడూ ఇంట్లో లేను. లైబ్రరీలో ఉండేవాణ్ణి.

నాలుగు శనివారాలు వాళ్లు మా ఇంటికి వచ్చారు. ఆ వేళ చేపలామెకి బేరం వేళ. బుట్ట ఇంట్లో వదిలేసి వచ్చేది. దీపం వెలిగించి పాడేవారు. పాట అయ్యాక నా కోసం మౌనంగా కూర్చునేవారు. నాకు ఏమీ అనిపించేది కాదు. లైబ్రరీలో ఆ వారం పత్రికలు ఎవరి చేతిలో ఉన్నాయో అనుకుంటూ కూర్చునేవాణ్ణి. మళ్లీ సోమవారం ఎనిమిదిన్నరకి తాళం వేసి, లాగి చూసి, మెట్టు దిగి, మళ్లీ ఎక్కి లాగి చూసేవాణ్ణి. తాళం పడిందని తెలుసు. వెనక చప్పుడు లేకుండా వీధిలోకి నడవడం చేతనయ్యేది కాదు. ఆఫీసుకి రోజూ ఆలస్యమే.

నా నెల అయిపోయింది. ఒక బుధవారం పొద్దున నేను తాళం లాగి చూస్తుండగా చేపలామె బుట్టతో మా వీధిలోకి వచ్చింది.

"ఏటి బావూ, తాళం పడట్నేదా?"

"పడింది."

"మరి?"

నేను మళ్లీ తాళం లాగి చూశాను. ఆమె బుట్ట మెట్టు మీద దించి నన్నూ తాళాన్నీ కాసేపు చూసింది.

"ఇదా మీ ఏల" అంది.

"అవును."

"మరి సందేల మమ్మల్నందర్నీ కూకోబెట్టి దీపం ఎట్టించినారు."

"తప్పయింది."

"నానప్పుడే టీచరమ్మతో అన్నాను. ఈ బావు దీపం సూడట్నేదు, గడియారం సూత్తన్నాడని."

అప్పుడు ఆమెకి ఆ రెండు చప్పుళ్ల సంగతి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పద్ధతి ప్రకారం నాకు ఇంకో వంతు లేదు. అయినా ఆ శనివారం ఎనిమిదింబావుకి ముగ్గురు వచ్చారు. టీచరమ్మ గారు, వించాయన, చేపలామె. పాట పాడలేదు. నేను చెప్పులేసుకున్నాను. చేపలామె లోపలికెళ్లి, "మీరెల్లండి బావూ, గొళ్ళెం నాను ఏసుకుంటాను" అంది.

మెట్టు దిగాను. తలుపు మూసుకుంది. భుజంతో నెట్టిన చప్పుడు వినిపించింది. గొళ్ళెం మాత్రం కదల్లేదు. మళ్లీ నెట్టింది, మళ్లీ లాగింది. "దీని దుంప తెగ, ఏ కాలం నాటిదో" అని లోపల్నించి వినిపించింది.

"బావా, తలుపు ఊడొచ్చీలాగుంది. కొత్తది సూసుకో" అన్నాడు వించాయన. టీచరమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేనూ నవ్వాను. చివరికి గొళ్ళెం పడింది. నవ్వులు ఆగిపోయాయి.

ఆమె తలుపు తెరిచి బయటికొచ్చింది. చెమట తుడుచుకుంటూ, "ఆ సప్పుడేనా?" అంది.

"కాదు."

"కాదు మరి. నాకూ అంతే. దినామూ పడవలొత్తాయి. ఆ పడవ కాదు."

తాళంకప్ప తీసుకుని నేనే వేశాను. లాగి చూడలేదు. వాళ్లు ముగ్గురూ వరండాలోనే నిలబడ్డారు. వీధి మలుపు దాకా వెనక వాళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఏవో చేపల గురించి.

మరుసటి వారం క్లాసులో టీచరమ్మ గారు, "ఆ గొళ్ళేనికి కాస్త నూనె వెయ్యండి" అన్నారు. ఆదివారం వేస్తానన్నాను.

వెయ్యలేదు. ఆ క్వార్టర్సు ఖాళీ చేసేదాకా రోజూ రాత్రి పడుకోబోయే ముందు భుజంతో నెట్టి, గొళ్ళెం లాగేవాణ్ణి. లోపల్నించి వింటే ఆ చప్పుడు వేరుగా ఉండేది.