పప్పు ఉడకని నీళ్ళూ, మా పాత కారూ

అంత పాత కారును అన్నేళ్ళు ఎందుకు ఈడ్చారని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతుంటారు. అడిగేవాళ్ళ ముఖంలో జాలి కనపడుతుంది. గతిలేక ఉంచుకున్నామనుకుంటారు. నాకు ఆ జాలి అక్కర్లేదు. కొనేవాడు మా వాకిట్లోకి వచ్చి బయానా చేతిలో పెట్టబోతే మేము పుచ్చుకోలేదు. ఆ సంగతి ఇంకొకరి చేత రాయించటం ఇష్టం లేక నేనే రాస్తున్నాను. నలభై దాటాక పలక పట్టినదాన్ని. అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీయండి.

మా ఆయన మిషను ఆసుపత్రిలో దొర దగ్గర డ్రైవరు. దొర తన దేశం వెళ్ళిపోతూ కారును మా ఆయనకు అమ్మాడు. ఊరికే ఇచ్చిపోయాడని చాలామంది చెప్పుకున్నారు. ఊరికే ఇవ్వలేదు. నా మెడలో గొలుసు, నేను పెంచిన రెండు గేదెలు, మా ఆయన దాచుకున్న జీతం కలిస్తే ఆ కారు. నల్లటి ఇంగ్లీషు కారు, యుద్ధానికి ముందుది. ముందువైపు ఇనుప హ్యాండిలు పెట్టి తిప్పితేగాని లేచేది కాదు. పర్మిట్టు తెచ్చుకుని గురజాల, మాచర్ల, నరసరావుపేటల మధ్య బాడుగకు తిప్పాం. సాగరు దగ్గర డ్యాము కడుతున్న రోజులు కాబట్టి రాకపోకలు బాగా ఉండేవి.

మాది ఊరు కాదు, పల్లె. అంటరానివాళ్ళని ఊరి బయట పెట్టిన ఇళ్ళు మావి. మధ్యలో డొంక. తాతల నాడే ఏసుప్రభువును నమ్ముకున్నా ఆ డొంక పూడలేదు. ఊళ్ళోవాళ్ళకు మా గుమ్మాల్లోకి వచ్చే పని ఎప్పుడూ లేదు. కారు వచ్చాక వచ్చారు. కోర్టు వాయిదాకు, పెళ్ళికి, కాన్పుకు. మా ఆయన పక్కన ముందు సీట్లో కూర్చుని, దిగేటప్పుడు బాడుగ చేతిలో పెట్టి పోయేవాళ్ళు. మా పల్లెలో ఆడపిల్లకు నొప్పులొస్తే బాడుగ లేకుండానే ఆసుపత్రికి చేర్చేవాళ్ళం. ఇది కొందరికి మింగుడుపడలేదు.

ఒక ఎండాకాలం ఆ కారు మరగటం మొదలుపెట్టింది. ఇంజను చల్లగా ఉండటానికి ముందువైపు రేడియేటరులో నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళు నాలుగు మైళ్ళు పోకముందే ఎసరులాగా కుతకుతలాడి మూత తన్నేవి. మా ఆయన బండి ఆపి, గోనెపట్టాతో మూత తిప్పి, చేతులు కాల్చుకుని, చల్లారేదాకా కూర్చుని, మళ్ళీ నీళ్ళు పోసేవాడు. బాడుగకెక్కినవాళ్ళు తుమ్మచెట్ల కింద కూర్చుని సణిగేవాళ్ళు.

"ఏందయ్యా, కోర్టులో నా పేరు పిలిచే ఏళకి నేనిక్కడ తుమ్మకాయలు ఏరుకోవాల్నా?" అని ఒక ముసలాయన అడిగాడు.

సరిగ్గా అప్పుడే మా అన్న మలయా నుంచి వచ్చాడు. అక్కడ రబ్బరు తోటలో ఒక తెల్లదొరకు కారు తోలేవాడు. చాలా ఏళ్ళకు వచ్చాడు. నేనంటే ప్రాణం. కానీ నోరు తెరిస్తే మలయానే.

"బావా, ఇది కారు కాదు, కుంపటి. మా మలయాలో ఇట్టాంటిది కనపడితే పోలీసోళ్ళు రోడ్డు పక్కకి నెట్టిస్తారు" అన్నాడు మా ఆయనతో.

"ఆ పోలీసోళ్ళని ఇటు పంపించు. నెట్టటానికి మాకూ మనుషులు తక్కువగానే ఉన్నారు" అన్నాను.

అన్న నవ్వలేదు. నులకమంచం మీద కూర్చుని లెక్క మొదలుపెట్టాడు.

"అక్కడ తారురోడ్డు నున్నగా ఉంటది. టైరు రెండేళ్ళొచ్చిద్ది. పెట్రోలు ఇక్కడికంటే చవక. మా దొర నాలుగైదేళ్ళకో కారు మారుస్తాడు. పాతదాన్ని బాగుచేయించే డబ్బుల్తో కొత్తదానికి సగం కట్టొచ్చు. మెకానిక్కు చెయ్యి పెడితే చాలు, బిల్లు చూసి గుండాగిద్ది."

"ఇక్కడ మన మెకానిక్ సాయిబు రోజంతా కారు కింద పడుకుంటే ఎంతిస్తన్నాం?"

"అదే చెప్తన్నా చెల్లే. ఇక్కడ మనిషి చవక, సామాను ఖరీదు. ఆ సామానైనా ఇంగ్లీషోళ్ళ సీమ నుంచి రావాల, సర్కారోళ్ళు రానియ్యరు. ఇట్టాంటి దేశంలో పాత కారు పెట్టుకోటం పిచ్చితనం."

"డాలర్లూ రూపాయలూ కలిపి నన్ను తికమక పెట్టమాక. కూలిలో చెప్పు. అక్కడ టైరు కొనాలంటే నీబోటి డ్రైవరు ఎన్నాళ్ళు పనిచెయ్యాల?"

అన్న వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. "వారం. మహా అయితే పదిరోజులు."

"నేను మిరపకోతలకు పోతే కోతకాలమంతా వంగినా టైరు రాదు. పదిరోజుల్లో వచ్చేదాన్ని మీరు పారేసుకోండి. నేనెట్ట పారేస్తాను?"

నాకు అప్పుడూ ఇప్పుడూ తోచింది ఒక్కటే. ఆ దేశంలో మనిషి చేతికి ఖరీదెక్కువ, అందుకని వస్తువును పారేస్తారు. ఇక్కడ వస్తువుకు ఖరీదెక్కువ, అందుకని చేతులు అరిగిపోయేదాకా దాన్ని బాగుచేసుకుంటాం. ఇందులో సిగ్గుపడటానికేముంది? టైరు చిరిగితే పాత టైరు ముక్క కోసి లోపల పెట్టేవాళ్ళం. పెట్రోలు ట్యాంకు కారితే బట్టలసబ్బు మెత్తగా పిసికి అద్దేవాళ్ళం, నెలల తరబడి ఆగేది. సీట్లకు గోనెసంచులు నేనే కుట్టాను. కొత్త కారు కొన్నవాడు ఎవడైనా తన కారు ఒళ్ళంతా ఇట్లా చేత్తో తడిమి ఎరుగుదునని చెప్పమనండి చూద్దాం.

కారు మరుగుతోందన్న మాట ఊరంతా పాకింది. ఊళ్ళో పెద్ద కామందు డొంక దాటి మా వాకిట్లోకి వచ్చాడు. వందెకరాల ఆసామి. మా ఆయన తండ్రి ఆయన దగ్గరే పాలేరుగా చేశాడు.

"ఒరేయ్, ఆ కారు నాకిచ్చెయ్. మద్రాసు నుంచి సామాను తెప్పిచ్చి బాగుచేయిస్తా. తోలేది నువ్వే. నెలనెలా జీతమిస్తా. చెడితే ఖర్చు నాది. నీకేంది నష్టం? ఆదివారం వచ్చి ఒకసారి తోలించి చూసి, బయానా ఇచ్చిపోతా" అన్నాడు.

ఆయన ధర చెప్పి వెళ్ళాక అన్న, "మంచి బేరం బావా" అన్నాడు. మా ఆయన తల గోక్కున్నాడు. ఆ గోక్కోవటం నాకు నచ్చలేదు.

"కారు అదే, చక్రం అదే, తోలేది నువ్వే. తెల్లారేతలికి ఆయన వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడేది కూడా నువ్వే. మీ నాయన నిలబడ్డ చోటే. రేపు మన పల్లెలో పిల్లకు నొప్పులొస్తే కారియ్యమని ఆయన్ని అడిగి చూడు" అన్నాను.

"మరిగే కారు పెట్టుకుని ఏం చేస్తామే?" అన్నాడు మా ఆయన. ఆ ప్రశ్నకు జవాబు ఆదివారంలోగా వెతుక్కోవాలి.

మర్నాడు ఆగుతూ ఆగుతూ నరసరావుపేటలో మెకానిక్ సాయిబు దగ్గరికి పోయాం. నేనూ వెంట వెళ్ళాను. సాయిబు రేడియేటరు ఊడదీసి బోర్లించి తట్టాడు. తెల్లటి పెచ్చులు రాలాయి.

"లోపల గొట్టాలన్నీ పూడుకుపోయినయ్యమ్మా. కొత్తది మద్రాసులో దొరికితే దొరికిద్ది" అన్నాడు.

నేను ఆ పెచ్చు వేళ్ళతో నలిపి చూశాను. అది నాకు కొత్త కాదు. పల్నాడు నేల కింద అంతా సున్నపురాయి. మా పల్లె బావి నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పలుకుగానే ఉంటుంది. నీళ్ళు కాచే బిందె అడుగున తెల్లగా గార కడుతుంది. ఇదీ అదే గార. పప్పు ఉడికే మంచి నీళ్ళ బావి ఊళ్ళో ఉంది కానీ అది మాది కాదు. గట్టు కింద బిందె పెట్టుకుని నిలబడితే ఎవరో ఒకరు దయతలచి పైనుంచి వంచాలి.

"నీళ్ళు ఎన్నాళ్ళకి మారుస్తావ్?" అని సాయిబు మా ఆయన్ని అడిగాడు.

"రోజూ" అన్నాడు మా ఆయన, కాస్త గొప్పగానే.

ఆయన డ్రైవరు కాకముందు ఎడ్లు తోలినవాడు. పశువుకు నిన్నటి నీళ్ళు పెట్టే మనిషి కాదు. పొద్దున లేవగానే రేడియేటరులో పాత నీళ్ళు వదిలేసి, మా బావిలో తాజాగా తోడి పోసేవాడు. ఆసుపత్రి నీళ్ళు మంచివి గనక దొర దగ్గర ఉన్నప్పుడు ఆ అలవాటు వల్ల ఏమీ కాలేదు. మా పల్లెకొచ్చాక రోజుకో పొర గార పోసినట్టయింది.

"ఆ నీళ్ళని అట్టా ఉండనిచ్చినా ఇంత కట్టేది కాదు భాయీ" అన్నాడు సాయిబు.

"ఎద్దయితే ఈ సేవకి నిన్ను మోసేది" అన్నాను మా ఆయనతో. తరువాత సాయిబును అడిగాను, "ఇది ఇత్తడే గదా? ఇత్తడి బిందెకు గార పడితే మేము చింతపండు పెట్టి తోముతాం. ఇందులో పోస్తే?"

సాయిబు గడ్డం నిమురుకున్నాడు. "యాసిడ్ పోస్తే గొట్టాలు కూడా పోతయ్. చింతపండు నేనెప్పుడూ పొయ్యలా. పోసి చూడమ్మా, పోతే పులుసే పోయిద్ది."

రేడియేటరు మళ్ళీ బిగించుకుని ఇంటికొచ్చి, పాత చింతపండు కాగులో ఉడకబెట్టి, గుడ్డలో వడగట్టి, రేడియేటరులో పోశాం. ఇంజను వేడెక్కిందాకా ఆడించి, సాయంత్రానికి వదిలితే తెల్లటి జావ కారింది. మళ్ళీ పోశాం. శనివారం దాకా అదే పని. పల్లెంతా చారు కాచిన వాసన.

"తాలింపు ఎప్పుడు పెడతావ్ చెల్లే? మా దొరకి చెప్తే నమ్మడు" అన్నాడు అన్న.

"మీ దొర నమ్మకపోతే మాకేంది? ఆ బిందెలు తీస్కుని నా ఎనకాల రా."

స్టేషనులో రైలింజనుకు పట్టే నీళ్ళలో పప్పు మెత్తగా ఉడుకుతుందని అక్కడి ఆడవాళ్ళు చెప్పగా విన్నాను. అక్కడ కుళాయి తిప్పితే ఎవరి బిందెలోనైనా పడతాయి. ఎవరూ పైనుంచి వంచక్కర్లేదు. మలయా బూట్లు వేసుకున్న మా అన్న కావడి భుజాన పెట్టుకుని రెండు మైళ్ళు మోశాడు. దారిపొడుగునా నన్ను తిడుతూనే మోశాడు. ఆ నీళ్ళు రేడియేటరులో పోసి, ఇక రోజూ మార్చవద్దని మా ఆయనకు చెప్పాను.

ఆదివారం ప్రార్థన అయి ఏసుప్రభువు గుడి విడిచేసరికి కామందు వచ్చి ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం మాచర్ల దాకా తోలమన్నాడు. ఎండలో మరిగితే ధర తగ్గించవచ్చని ఆయన ఆలోచన. ఆయన ముందు కూర్చున్నాడు, నేనూ అన్నా వెనక కూర్చున్నాం. గురజాల దాటింది. కంకరరోడ్డు మీద దుమ్ము తప్ప ఆవిరి లేదు. మాచర్ల బస్టాండులో మా ఆయన బానెట్టు ఎత్తి రేడియేటరు మీద చెయ్యి పెట్టి, తీయకుండా కాసేపు అలాగే ఉంచాడు. కామందు చూశాడు.

తిరిగొచ్చాక వాకిట్లో ఆయన నోట్లు తీశాడు. "బాగుంది రా. అనుకున్నదానికి ఇంకో రెండొందలు ఏస్తా. బయానా తీస్కో."

మా ఆయన మా అన్న వైపు చూశాడు. అన్న మెల్లగా, "ఈ రేటు మలయాలో కూడా రాదు బావా" అన్నాడు.

"అయ్యా, కారు అమ్మటానికి లేదు" అన్నాను.

"నిన్నెవరడిగారే? మగోళ్ళు మాట్లాడుకుంటంటే మధ్యలో నువ్వేంది?"

"నా గొలుసు, నా గేదెలు పోతే వచ్చిన కారయ్యా. సగం నాది. నా సగం అమ్మను. ఆయన సగం కావాలంటే కొనుక్కోండి. ఎక్కువ దూరం పోదు."

పల్లెలో జనం గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. కామందు నా మీదనుంచి చూపు తిప్పి, "నువ్వు చెప్పరా" అన్నాడు మా ఆయనతో.

మా ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. ఆయన ఏమంటాడో నాకు నిజంగా తెలియదు. తండ్రి పాలేరుతనం ఆయన వెన్నులో ఇంకా ఉంది, అది నాకు తెలుసు.

"మాచర్లకు పోయొచ్చిన బాడుగ ఇప్పించండయ్యా" అన్నాడు.

కామందు ముఖం ఎర్రబడింది. బయానా నోట్లు మడిచి లోపల పెట్టుకున్నాడు. ఇంకో జేబులోనుంచి బాడుగ తీసి, చేతికివ్వకుండా బానెట్టు మీద పడేసి డొంక దాటి వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ డబ్బు తీసి అక్కడే నిలబడి లెక్కపెట్టుకున్నాడు. సరిపోయింది.

మర్నాటి నుంచి ఊళ్ళోవాళ్ళు మా కారెక్కలేదు. ఎక్కవద్దని కామందు చెప్పించాడు. మేము డ్యాము పనికి పోయే మేస్త్రీలను, ఓవర్సీర్లను మాచర్లలో ఎక్కించుకున్నాం. వాళ్ళకు ఊరూ పల్లే తేడా తెలియదు, వేళకు చేరితే చాలు. మళ్ళీ మిరపకోతలు అయ్యేసరికి ఊళ్ళోవాళ్ళూ ఒక్కొక్కరుగా వచ్చారు. వాయిదాలు, కాన్పులు కామందు మాట విని ఆగవు. ఆయన మాత్రం మళ్ళీ మా కారెక్కలేదు. మేమూ పిలవలేదు.