దొంగ కార్డు

నాకు పగ పట్టే గుణం చిన్నప్పటి నుంచీ ఉంది. మూడో తరగతిలో నా పెన్సిల్ విరగ్గొట్టిన పిల్లతో పదో తరగతి పరీక్షలు అయిపోయేదాకా మాట్లాడలేదు. "నీది పాము పగ బిడ్డ" అనేది మా అవ్వ. అవ్వ అంటే అమ్మే, సిటీలోది కాదు, మొయినాబాద్ పక్కనున్న మా హిమాయత్‌నగర్ ఊళ్లో అమ్మను అలాగే పిలుస్తాం. ఆ పగ వల్ల నేను పోగొట్టుకున్న వాటిలో అన్నిటికంటే పెద్దది ఒక గ్రాఫిక్స్ కార్డు దగ్గర మొదలైంది.

సిటీలో సాఫ్ట్‌వేర్ ఆఫీసులు లేస్తున్న రోజులు. ఆ గాలి మా దాకా వచ్చి, మొన్నటిదాకా జొన్న కోసిన చేలల్లో రంగు రంగుల జెండాలు పాతి ప్లాట్లు అమ్ముతున్నారు. నేను చేవెళ్లలో డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను. మోకిలలో ఒక లేఅవుట్ ఆఫీసువాళ్లు, ఇంకా కట్టని ఇళ్లను కట్టినట్టే కంప్యూటర్‌లో చూపించే మనిషి కావాలన్నారు. వెళ్లాను. అక్కడి సారు ఒక ఇంటి ప్లాను నా చేతికిచ్చి, "పదిహేను రోజులు టైం. గేటు కాడికెళ్లి హాల్లకు నడిచి పోయినట్టు చేసి తీసుకరా. బాగుంటే పని నీదే" అన్నాడు. ఇదే మాట ఇంకో కుర్రాడికి కూడా చెప్పాడు. ఉన్నది ఒక్కటే కుర్చీ.

నాకు ఆ కుర్చీ కావాలి. అది రాకపోతే అవ్వ పక్కన రెండో మిషన్ మీద కూర్చుని జాకెట్లు కుట్టాలని ఇంట్లో ముందే తేలిపోయింది. కుట్టుపని తక్కువని కాదు. నా చేతికి అది రాదు, దాని మీద నాకు ఇష్టమూ లేదు.

నా కంప్యూటర్ నేనే బిగించుకున్నది. ఒక్కో భాగం సిటీ నుంచి తెచ్చి, పాత మిషన్ స్టాండు మీద పెట్టి, స్క్రూ స్క్రూ నేనే తిప్పాను. అందులో విండోస్, లినక్స్ రెండూ ఎక్కించాను. ప్లాన్ బొమ్మలు మొదటిదాంట్లోనే తెరుచుకునేవి, ఇల్లు కట్టే ప్రోగ్రాం రెండోదాంట్లో బాగా నడిచేది. స్విచ్ వేయగానే ఏది కావాలని అది అడుగుతుంది. దీన్ని డ్యూయల్ బూట్ అంటారని బాపుకు, అంటే నాన్నకు, చెబితే, "నాకు ఒక్క జత చెప్పులు సరిగ్గ లెవ్వు, దీనికి రెండు బూట్లా?" అన్నాడు. ఆయన స్కూల్లో అటెండరు. ఆ మాట స్టాఫ్ రూంలో కూడా చెప్పుకుని నవ్వుకున్నారట.

ఒక ఇల్లు గోడలతో, కిటికీలతో తెర మీద తిరగాలంటే మదర్‌బోర్డులో ఉండే చిన్న గ్రాఫిక్స్ చాలదు. విడిగా ఒక కార్డు పెట్టాలి. అరచేతి కన్నా కొంచెం పెద్ద పలక, దాని మీద చిన్న ఫ్యాను. మొయినాబాద్‌లో ఒక దుకాణం ఉండేది. దుకాణం ఆయన కంప్యూటర్ సామాన్లు అమ్మేవాడు, జిరాక్సులు తీసేవాడు, ఆఫీసు ఫారాలు నింపి పెట్టేవాడు. "సీల్ తియ్యని మాల్ చెల్లె" అని అక్కడ కొత్త కార్డు ఇచ్చాడు. మూడు రోజులు పని చక్కగా నడిచింది, ఇంటికి పునాది పడింది. నాలుగో రోజు పొద్దున తెర నిండా పచ్చ గీతలు.

"ఏంది బిడ్డ, వాన పడుతున్నదా ఆ ఇంట్ల?" అంది అవ్వ. నాకు నవ్వు రాలేదు.

ముందు నన్ను నేనే అనుమానించాను. కార్డును నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం తీసి మళ్లీ వేశాను. కార్డు బయటికి లాగి, దాని బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ కూర్చోబెట్టాను. కరెంటు ఇచ్చే డబ్బాను అనుమానించి దాని వైర్లు మార్చాను. విండోస్‌లో గీతలు, లినక్స్‌లో గీతలు, ఏదీ ఎక్కకముందు వచ్చే నల్ల తెర మీద కూడా గీతలే. రెండు సిస్టమ్‌లు ఉండటంలో మేలు ఇదే. ఒకదాంట్లో వస్తే సాఫ్ట్‌వేర్ తప్పు, రెండింట్లో వస్తే వస్తువు తప్పు. అయినా తృప్తి లేక ఆటో ఎక్కి చేవెళ్ల పోయి, మా కాలేజీ ల్యాబ్‌లో ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూశాను. అక్కడా పచ్చ గీతలే. ఇంటికొచ్చి కార్డు తీసేసి బోర్డు మీద ఉన్న చిన్న గ్రాఫిక్స్‌తో నడిపితే తెర అద్దంలా ఉంది. కాకపోతే ఇల్లు ఒక్కసారి తిప్పితే అది కదిలేలోపు మంచినీళ్లు తాగి రావచ్చు. ఇదంతా తేలేసరికి ఏడు రోజులు అయిపోయాయి.

ఎనిమిదో రోజు దుకాణానికి పోయాను. అక్కడ పదిమంది ఉన్నారు. నేను చెప్పింది సగం విని చెయ్యి ఊపాడు.

"రెండు సిస్టమ్‌లు ఎక్కించినవా లేదా?"

"ఎక్కించిన. అయితే ఏందన్న?"

"గదే మరి. ఒక ఒరల రెండు కత్తులు ఇముడుతయా చెల్లె? అవి రెండు కొట్లాడుకున్నయి, నడుమ కార్డు మాడిపోయింది. గిసొంటియి ఆడపిల్లలు ఇప్పి చూసేటియి కావు. వారంటీ నడవదు, పో."

పదిమందీ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. సామెత చెప్పి నా నోరు మూయించాడు, అదీ తప్పు సామెత. ఆ రెండు సిస్టమ్‌లు ఒకేసారి నడవవు, ఒకటి లేస్తే రెండోది పడుకునే ఉంటుంది. ఇది వాడికి తెలుసు. తెలిసే అన్నాడు.

ఇంటికొచ్చి కోపంతో కార్డును అటూ ఇటూ తిప్పుతుంటే వెనకాల స్టిక్కర్ అంచు లేచి కనిపించింది. గోరుతో గీకాను. కింద ఇంకో స్టిక్కర్, దాని మీద వేరే నంబరు. ఒక మూల మాడిన మరక, దాని మీద కొత్తగా అంటించిన సీసం. ఎవరిదో చెడిపోయిన కార్డును అతుకేసి నాకు కొత్తదని అంటగట్టాడు. దొంగ దొరికాడు.

మామూలు మనిషైతే ఏం చేస్తుంది? తెల్లారి ఆ స్టిక్కర్ తీసుకుపోయి వాడి కౌంటర్ మీద పెడుతుంది. నేను పెట్టలేదు. చూపిస్తే మార్చి ఇస్తాడు, విషయం అక్కడితో అయిపోతుంది. నాకు కార్డు వద్దనిపించింది. నాకు వాడి ముఖం మీద నవ్వు లేకుండా చెయ్యాలనిపించింది.

తొమ్మిదో రోజు మొయినాబాద్ పోయే షేర్ ఆటోలో, కూలికి పోయే ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ఎవరో ఎటు పోతున్నావని అడగటమే ఆలస్యం.

"ఆ జిరాక్స్ దుకాణపాయన లేడా, దొంగ కార్డులు ఇస్తుండు. పాతయి అతుకేసి కొత్తయని ఇస్తుండు. నాకు గట్లనే ఇచ్చిండు" అన్నాను, డ్రైవర్‌కు కూడా వినపడేలా.

నా ఎదురుగా ఉన్న పెద్దావిడ చేతిలోని సద్ది టిఫిను జారింది. "ఓ యేసయ్యా! నా కార్డు కాగితాలు గాయన తాననే ఇచ్చిన గద బిడ్డ!"

"నా కోడలు పేరు ఎక్కియ్యమని నేను గూడ ఇచ్చిన."

"నాకు రశీదు గూడ ఇయ్యలే వాడు!"

అప్పుడు అర్థమైంది. మా దగ్గర కార్డు అంటే ఒకటే కార్డు, బియ్యం కార్డు. తెల్ల కార్డు. వేరే కార్డు ఏదైనా లోకంలో ఉంటుందని ఆ ఆటోలో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నేను నోరు తెరిచి "ఆ కార్డు కాదవ్వా" అంటే చాలు. మాట నాలుక మీదే ఉంది. మింగేశాను. దిగేటప్పుడు వాళ్లు వాడిని తిట్టిన తిట్లు వింటుంటే కడుపు చల్లబడింది.

పదో రోజుకు వాడి దుకాణం ముందు ఇరవై మంది. పదకొండో రోజు చిన్న మంగళారం ఊరి నుంచి కూడా వచ్చారు. నేను చౌరస్తాలో టీ బండి దగ్గర నిలబడి చూశాను. చాయ్ మీద చాయ్ తాగాను. "నా కాగితాలు నాకియ్యి" అని ఒకామె వాడి చొక్కా పట్టుకుంది. వాడు దండాలు పెడుతున్నాడు. నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసిన నోటితో, "నాకేం ఎరుకలేదమ్మా, నాకేం ఎరుకలేదు" అని బతిమాలుతున్నాడు. పన్నెండో రోజు మండలాఫీసు నుంచి మనుషులొచ్చి రిజిస్టర్లు అడిగారు, షట్టర్ సగం కిందికి దిగింది. నేను ఆ రోజు ఇంటికొచ్చి రెండు పూటల అన్నం ఒక్కసారే తిన్నాను. ఇంట్లో తెర మీద నా ఇల్లు పునాది దగ్గరే ఆగి ఉంది. రేపు చూద్దాంలే అనుకున్నాను.

ఆ సాయంత్రం అవ్వ ఎండకు వాడిపోయి ఇంటికొచ్చింది. ఆమె మిషన్ పొద్దుటి నుంచి తొక్కలేదని అప్పుడే గమనించాను.

"యాడికి పోయినవ్ అవ్వా?"

"మొయినాబాద్. మన కార్డు గూడ ఆయన తాననే ఉన్నది. నీ తమ్ముని పేరు ఎక్కియ్యమని అసలుదే ఇచ్చిన. ఆయన దొంగ కార్డులు చేస్తడట, ఊరంత అంటున్నరు. మనది గుంజుకుంటరేమో. బియ్యం ఎట్ల బిడ్డ ఇగ?"

ఆమె కళ్లల్లో నీళ్లు చూశాను. ఆ ఎండలో నిలబెట్టింది నేనే. దుకాణం వాడి మీద కోపం రవ్వంత కూడా తగ్గలేదు, కాని ఆ ఇరవై ముప్ఫై మంది అవ్వలు నాకేం చేశారు? రాత్రి నిద్ర పట్టలేదు.

పదమూడో రోజు కార్డును సంచిలో వేసుకుని పోయాను. సగం దించిన షట్టర్ ముందు జనం, లోపల రిజిస్టర్ ముందు మండలాఫీసు రెవెన్యూ ఆయన, గోడకు ఆనుకుని దుకాణం వాడు. గడ్డం పెరిగింది. నేను మెట్టు మీద నిలబడి కార్డు పైకెత్తాను.

"దొంగ కార్డు గిది! నేను చెప్పింది దీని గురించి. మీ బియ్యం కార్డులు కాదు. నేనే అన్న, నాదే తప్పు. కాని గీయన నాకు పాతది అతుకేసి కొత్తదని అమ్మిండు, గిదిగో చూడుండ్రి, రెండు స్టిక్కర్లు!"

నా లెక్క ఏమిటంటే, చెయ్యని తప్పు నుంచి వాడిని విడిపించి, చేసిన తప్పులో అందరి ముందూ ఇరికించాలి. పగ తీరాలి, న్యాయంగా తీరాలి. ఆటోలోని పెద్దావిడ ముందుకొచ్చి కార్డును చేతిలోకి తీసుకుంది. ఫ్యానును వేలితో తిప్పింది.

"గిదేం కార్డే? ఫ్యాన్ ఉన్నది."

"కంప్యూటర్ల పెట్టేది అవ్వా."

"దీని మీద బియ్యం ఇయ్యరా?"

"ఇయ్యరు."

పెద్దావిడ కార్డును నా చేతిలో పెట్టేసింది. తర్వాత నవ్వులు మొదలయ్యాయి. "ఓసి నీ ఇల్లు బంగారం గాను! మా పానాలు తీసినవ్ గదనే!" అని ఒకామె నా వీపు మీద చరిచింది. అందరి ముఖాలూ తేటపడ్డాయి. రెండు స్టిక్కర్ల సంగతి ఎవరికీ పట్టలేదు. రెవెన్యూ ఆయన రిజిస్టర్ మూసి, "గది మా పరిధిల లేదమ్మా, వినియోగదారుల కోర్టుకు పో" అని లేచాడు. మొన్న చొక్కా పట్టుకున్నామె, "ఏమనుకోకన్న, కడుపు మంట" అంటూ తన కాగితాలు మళ్లీ వాడి చేతిలోనే పెట్టింది. ఆమె వెనకాల వరస కట్టారు. మా అవ్వ కూడా. పొద్దున దొంగ అయినవాడు మధ్యాహ్నానికి దేవుడైపోయాడు, దేవుణ్ణి చేసింది నేనే.

అందరూ పోయాక వాడు ఒక కొత్త డబ్బా తీసి నా ముందు సీల్ విప్పాడు. నంబర్లు నా చేతనే చదివించాడు. సరిపోయాయి.

"స్టిక్కర్ ఎప్పుడు చూసినవ్?"

"ఎనిమిదో రోజు."

"గదే తెల్లారి తెచ్చి నా ముంగట పెడితే నేను మార్చకపోదునా? గిన్ని దినాలు ఏం జేసినవ్?"

కార్డు లాక్కుని వచ్చేశాను.

మిగిలిన రెండు రోజులూ కుర్చీలోంచి లేవలేదు. కొత్త కార్డు పువ్వులా పనిచేసింది. గోడలు లేచాయి, పోర్టికో లేచింది, గేటు తెరుచుకుంది. కాని ఒక్కో బొమ్మ తయారు కావడానికి దాని టైం అది తీసుకుంటుంది. బతిమాలినా, తిట్టినా, ఎవరి మీద పగ పట్టినా అది తొందరపడదు. గడువు వేళకు నడక మెట్లెక్కి వీధి తలుపు దాకా మాత్రమే వచ్చింది.

మోకిల సారు తన కంప్యూటర్‌లో పెట్టి చూశాడు. గేటు తెరుచుకున్నప్పుడు "అరె, మస్తుగ చేసినవ్" అన్నాడు. పోర్టికో స్తంభాల నీడలు చూసి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నడక మెట్లెక్కి, మూసిన తలుపు ముందు ఆగింది. తెర నల్లబడింది.

"లోపలికి?"

"కార్డు చెడిపోయింది సార్. టైం సరిపోలేదు."

"బోర్డు మీద గ్రాఫిక్స్ ఉంటది గదమ్మా. దాంతోని మెల్లగ చేసుకోవచ్చు గద?"

ఆ సంగతి నాకు ఏడో రోజే తెలుసు. సారు రెండో కుర్రాడి ఇల్లు కూడా చూపించాడు. అగ్గిపెట్టెలాంటి ఇల్లు, నీడలు లేవు, గోడలకు సరైన రంగు కూడా లేదు. కాని తలుపు తెరుచుకుంది, నడక హాల్లోకి పోయింది. కుర్చీ అతనిది.

దుకాణం వాడు నన్ను మోసం చేశాడు. ఆ మాట ఈ రోజు అడిగినా అంటాను, వాడిని నేను క్షమించలేదు. కాని నా తలుపు మూసింది వాడు కాదు. మెల్లగానైనా నడిచే కంప్యూటర్‌ను ఇంట్లో వదిలేసి నాలుగు రోజులు నేను ఆటోలో మాట వదిలి, చౌరస్తాలో టీ తాగుతూ నిలబడ్డాను. సిగ్గు వదిలి ఇంకో నిజం కూడా చెబుతాను. ఆ నాలుగు రోజులూ నేను చాలా సంతోషంగా ఉన్నాను.