మా అత్తగారి పేరు, మా అమ్మాయి పేరు

మొన్న ఆదివారం చర్చిలో ఒక పసిబిడ్డకి పేరు పెట్టి ప్రార్థన చేశారు. పాస్టరుగారు "సుజానా" అనగానే నా పక్కనున్నావిడ "భలే కొత్త పేరండీ" అని గొణిగింది. కొత్తదేం కాదు. అది మా అత్తగారి పేరే, కాస్త కురచ జాకెట్టు తొడుక్కుని వచ్చింది. పామర్రు వైపు మావాళ్లు సూసన్న అని పెట్టి, సూసమ్మ అని పిలుచుకునేవారు. మామగారి రైలు ఉద్యోగంతో రాయపూర్ వచ్చాక పాలవాడు ఆవిణ్ణి సూసన్ బాయి చేశాడు, ఆసుపత్రిలో మలయాళీ నర్సు శోశమ్మ చేసింది. యూదుల భాషలో అది లిల్లీ పువ్వని అప్పటి పాస్టరుగారు చెబితే, అత్తగారు ఆయన్నే నిలదీశారట: "ఆ పువ్వు నేనెన్నడూ చూళ్లేదు అయ్యగారూ, చేమంతి అనుకోమంటారా?" అనుకోమన్నారట ఆయన. నేను అక్షరాలు నేర్చుకున్నది మనవలు పుట్టాక. అప్పుడు బైబిల్లో వెతుక్కుంటే సూసన్న ఒక్కచోటే కనబడింది, ఏ కథా లేకుండా, నలుగురి మధ్య ఒట్టి పేరుగా.

మా పెద్దమ్మాయికి ఆ పేరే పెట్టారు. ఇల్లంతా మురిసింది, చిక్కు మాత్రం నాకొచ్చింది. మా ఇళ్లలో కోడలు అత్తగారి పేరు నోటితో అనకూడదు. అందుకని కన్నకూతురు నాకు ఉత్త "పాప". బడి నుంచి వచ్చి, "టీచరు పిలుస్తుంది, పక్కింటి ఆంటీ పిలుస్తుంది, నువ్వెందుకు పిలవవు?" అని తగువేసుకునేది. "పెద్దయ్యాక పిలుస్తాలే" అనేదాన్ని. అత్తగారు బియ్యం ఏరుకుంటూ, "దాన్ని పిలిస్తే నేను పలుకుతానని మీ అమ్మకి భయమే" అని నవ్వేవారు.

దానికి ఏడో ఏడు నడుస్తుండగా వానాకాలంలో జ్వరం తగిలింది. ఆసుపత్రిలో చేర్చిన రెండోనాటికి కళ్లు మూతలు పడిపోతున్నాయి. మాట్లాడిస్తూ ఉండండి, పలికితే మంచిదే అన్నాడు డాక్టరు. "పాపా, పాపా" అని ఎంత పిలిచినా చలనం లేదు. ఆ వార్డులో ప్రతి మంచం మీదా ఒక పాపే. అత్తగారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు. "పేరు పెట్టి పిలువమ్మాయ్. అది నా పేరు కాదు, దాని పేరు." ఎలాగో కూడదీసుకుని "సూసన్నా!" అన్నాను.

పిల్ల కళ్లు తెరిచింది. నావైపు చూడలేదు. అత్తగారి వైపు తిరిగి, "నానమ్మా, అమ్మ నిన్ను పేరుపెట్టి పిలిచేసింది. గుస్సా చెయ్యకు" అంది.

"కోప్పడనే నా తల్లీ" అన్నారు అత్తగారు.

ఆ సాయంత్రానికి అది మాకు లేకుండా పోయింది.

తర్వాత ఎవరు పేరుతో పిలిచినా అత్తగారు వెంటనే పలికేవారు కాదు, ముందు నా మొహం చూసేవారు. ఆవిడా పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ పేరు అనడానికి నాకు ఏ అడ్డూ లేదు. వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు మెల్లగా అంటాను కూడా. ఇంతకాలం గడిచినా, ఇద్దరిలో ఎవర్ని పిలుస్తున్నానో తేలక, అక్కడే ఆగిపోతాను.