ఒక్క దీర్ఘం తేడా

పెరోల్‌కీ పేరోల్‌కీ తేడా తెలియని తెలివితక్కువవాణ్ణి నేను. అదీ, ముప్పై ఏళ్ళకు పైగా ఫ్యాక్టరీ స్టోర్సులో ఇంగ్లీషు లేబుళ్ళు చదివి బతికినవాణ్ణి. మొన్న ఆదివారం పోతిరెడ్డిపల్లిలోని మా ఇంట్లో టీవీ పెడితే, పాత ఇంగ్లీషు జైలు సినిమా ఒకటి తెలుగులో వస్తోంది. బోర్డువాళ్ళు ముసలి ఖైదీని కూర్చోబెట్టి ప్రశ్నలడిగే చోట "పెరోల్" అని స్పష్టంగా వినబడింది. అంటే శిక్ష పూర్తికాకుండానే షరతుల మీద బయటికి వదలడం. చేతిలో టీ చల్లారిపోయింది. ఎందుకంటే పదిహేనేళ్ళ కిందట ఇదే సినిమా ఇంగ్లీషులో పెట్టి, పక్కన కూర్చుని, ఒక మనిషికి అర్థం చెప్పింది నేనే.

ఆ మనిషిది ఇంద్రేశం అనే ఊరు. నాకంటే రెండేళ్ళు పెద్ద, అందుకని నాకు అన్న. నేను కోస్తా నుంచి ఉద్యోగం కోసం వచ్చిన కుటుంబంవాణ్ణి, పర్మనెంటు, మెడలో నీలం కార్డు. అన్న ఫౌండ్రీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు, మెడలో పసుపు కార్డు. క్యాంటీన్లో నీలం కార్డులు ముందు తినాలి, పసుపువి తరవాత. అందుకని మేమిద్దరం టిఫిన్ డబ్బాలు పట్టుకుని స్క్రాపు యార్డు గోడ నీడకు పోయేవాళ్ళం. ఆయన జొన్నరొట్టె నాకు, మా ఇంటి గోంగూర ఆయనకు. మొదటి ముద్దకే కళ్ళనీళ్ళు తుడుచుకుని, "గిది కూరనా, కోపమా తమ్మీ?" అనేవాడు.

పర్మనెంటు చేయడాన్ని మా దగ్గర 'పేరోల్ మీదికి తీసుకోవడం' అంటారు, అంటే కంపెనీ జీతాల పట్టీలో పేరెక్కించడం. రెండు మూడేళ్ళకోసారి ఇంటర్వ్యూకి పిలిచేవారు. ఇన్నేళ్ళలో ఏం నేర్చుకున్నావని అడిగి, వెనక్కి పంపేవారు. రెండోసారీ అలాగే పంపాక, "ఇగ రాను తమ్మీ. ఉన్న ఎకరంల కూరగాయలు పెట్టుకుంట," అన్నాడు అన్న. ఆయన పోతే గోడ దగ్గర నేనొక్కణ్ణే తినాలి. నా దిగులు అదీ. ఆశ గురించిన సినిమా ఉందని ఆదివారం పూట ఇంటికి పిలిచాను.

నా ఇంగ్లీషు నట్టులూ బోల్టుల దాకా బాగా బిగుస్తుంది, ఆపైన లూజు. ముసలి ఖైదీని బోర్డు పిలవగానే, "పేరోల్ ఇంటర్వ్యూ అన్నా," అని చెప్పేశాను. అన్న నవ్వి, "జైల్ల గూడ కాంట్రాక్టు పద్ధతేనా?" అన్నాడు. ఆ ముసలి ఖైదీ, అతని స్నేహితుడూ గోడ వారన ఊరికే కూర్చునే చోట నన్ను మోచేత్తో పొడిచాడు. ఆ సినిమా గొప్పతనమంతా అక్కడే ఉందని నాకిప్పటికీ నమ్మకం. ఒకడి ఆశ సన్నగిల్లినప్పుడు రెండోవాడు కాస్త తనది అరువిస్తాడు. బోర్డు ఎన్నిసార్లో కాదన్నాక, ఆఖర్న ముసలాయనకు దొరకాల్సింది దొరికింది. అన్న లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "అయితే నేనింకోసారి పోత," అన్నాడు.

ఒకసారి కాదు, నాలుగుసార్లు వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ నా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి నేనే ఇంద్రేశం తీసుకెళ్ళేవాణ్ణి. నాలుగుసార్లూ కాదన్నారు. మూడేళ్ళ కిందట, పొద్దుటి షిఫ్టుకు బయల్దేరి, చెప్పులు తొడుక్కుంటూ గడపలోనే కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. మెడలో పసుపు కార్డే ఉంది.

టీవీలో ఆ సినిమా చూసిన నాలుగు రోజులకు, గురువారం, షిఫ్టు దిగి, తప్పు ఒప్పుకుందామని ఇంద్రేశం వెళ్ళాను. నా మాట తప్పు వల్లే అన్న పన్నెండేళ్ళు ఎదురుచూశాడని వదినకు చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"గది ఆయినకు ఎప్పుడో ఎరుకే. బిడ్డ చెప్పింది. తమ్మీకి చెప్పకుర్రి, చిన్నబోతడు అన్నడు."

"మరి ప్రతిసారీ ఎందుకు వెళ్ళాడు వదినా?"

"ఇస్త్రీ అంగీ పట్టుకొని నువ్వు వాకిట్ల నిలబడితివి. ఎట్ల కాదంటడు?"

అరువిచ్చింది నేననుకున్నాను ఇన్నాళ్ళూ. లేచి, నా మెడలోని నీలం కార్డు తీసి, అన్న ఫోటోకున్న దండ వెనక దోపాను. కార్డు జారకుండా వదిన దండ సర్దింది.

మర్నాడు నా ఉద్యోగానికి ఆఖరి రోజు. శాలువా కప్పి, గేటు దగ్గర కార్డు అప్పజెప్పమన్నారు. పోయిందన్నాను. ఎక్కడ పోయిందో కాగితం మీద రాసివ్వమన్నాడు కుర్చీలోని ఆఫీసరు, ఇంటర్వ్యూల్లో కూర్చునే ఆయనే. 'ఇంద్రేశం పోయింది. పేరోల్ మీద' అని దీర్ఘం బాగా ఒత్తి రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు, అర్థం కాలేదు.

బయటికొచ్చి వెనక్కి చూస్తే ముప్పై ఏళ్ళ ఉద్యోగం గేటంత హ్రస్వంగా కనిపించింది. గోడ నీడలో కలిసి తిన్న ఆ అరగంటలే దీర్ఘాలు.