బాలమ్మ పలకని పేరు

అది 1958. సంగారెడ్డి జిల్లా కోర్టులో నేను వకీలుగా కుదురుకుంటున్న రోజులు. రాసినవాడికి తన రచన మీద హక్కునిచ్చే కాపీరైట్ చట్టం అప్పుడే కొత్తగా వచ్చింది. భూతగాదాలతో విసిగిపోయిన నాకు అలాంటి కేసు ఒక్కటి దొరికితే చాలనిపించేది. ఇంద్రేశం అనే ఊరి నుంచి వచ్చిన బాలమ్మ దాన్ని తెచ్చింది.

ఆమె భర్త భజన పాటలు కట్టేవాడు. ఆయన పోయాక, పట్నంలోని ఒక ప్రెస్సు యజమాని ఆ పాటలను పుస్తకంగా వేసి, ప్రతి పాట చివర కవి పేరు వచ్చే చోట తన పేరు ఇరికించాడు. పాటలో కవి పెట్టుకునే ఆ పేరునే ముద్ర అంటారు.

“అందరు బుక్కు సూసి పాడుతున్రు సారు. నేను పాతతీరు పాడితె తప్పంటున్రు,” అంది.

“నీ ఇంట్ల నువ్వు పాడుకో. ఎవరొద్దంటరు?”

“ఆ పేరు పాటల్ల ఉన్నదని నలుగురు ఒప్పుకుంటెనే అది పాట. లేకుంటె నేను మొగని పేరు వలికినట్టె గద సారు. ఎట్ల వలుకుత?”

భార్య భర్త పేరు పలకకూడదనే కట్టుబాటు మా ఇంట్లోనూ ఉంది. వెంట వచ్చిన మరిది చెబితే ఆ పేరు రాసుకున్నాను.

చట్టంలో ఒక మెలిక ఉంది. పాట మీద హక్కు వారసులకు వస్తుంది గానీ, ‘ఇది నాది’ అని పేరు చెప్పుకునే హక్కు కవితోనే పోతుంది. ఆమెకు కావలసింది ఆ పేరే. అయితే రచనను చెడగొడితే అడ్డుకునే హక్కు వారసులకుంది. చివరి చరణం మార్చి పాటను పాడు చేశారని దావా వేశాను.

పాటలు తనవేనన్నాడు యజమాని. సాక్షిగా కర్దనూర్ భజన గురువును తెచ్చుకున్నాడు.

విచారణ రోజు బాలమ్మ బోనెక్కింది. “భర్త పేరు?” అన్నారు జడ్జిగారు. తల వంచుకుంది. మళ్లీ అడిగినా పలకలేదు. పేరు చెప్పే బదులు ఆమెను పాట పాడనివ్వమని నేను వేడుకుంటే సరేనన్నారు.

కొంగు నెత్తిమీదికి లాక్కుని సన్నగా ఎత్తుకుంది. “ఇంద్రేశమందున్న ఈరన్న మాటిది, మరువకుర మనసా...”

భజనలో ఒకరు పాడితే తక్కినవారు వంత పాడాలి. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? సాక్షులను లోపల ఉండనివ్వరు గనక గురువు బయట వరండాలో కూర్చున్నాడు. అక్కడి నుంచే గొంతెత్తి ఆ చరణం అందుకున్నాడు, ఈరన్న పేరుతోనే. యజమాని ముఖం మాడిపోయింది. సాయంత్రానికి రాజీకి వచ్చాడు. పుస్తకం పాత చరణాలతో మళ్లీ అచ్చయింది.

కొత్త పుస్తకం చేతికిస్తే బాలమ్మ చాలాసేపు నిమిరింది. ఆమెకు చదువు రాదు.

“ఆయన ఉన్నప్పుడు గూడ గీ పాటల్లనే పేరు వట్టి పిలిసేదాన్ని సారు. ఏడున్నా ‘ఆఁ’ అనెటోడు. ఇగ అనడు. గని పిలువకుంట ఎట్లుండాలె?”

ముద్ర అంటే కవి తన ఆస్తికి వేసుకున్న గుర్తని చట్టం చదివి అనుకున్నాను. తన మనిషిని పిలుచుకోవడానికి ఒకరికి మిగిలిన ఒకే ఒక్క చోటు కూడా అదే కావచ్చని ఆ కేసు నేర్పింది.

నా భార్య పోయి చాలా కాలమైంది. బతికినన్నాళ్లూ నా పేరు పలకలేదు. నేను పాటలు కట్టినవాణ్ని కాదు. ఆమె నోట నా పేరు ఎలా ఉండేదో ఒక్కసారి వినాలని ఉంది.