కార్డులో రాయని జబ్బు

మా తోటికోడలు ఉషకి పిల్లాడు పుట్టి రెండు నెలలు దాటింది. ఈ రెండు నెలల్లో ఆమె కుదురుగా కూర్చున్న పూట ఒక్కటీ లేదు. పిల్లాడి కళ్ల ముందు చెయ్యి అటూ ఇటూ ఆడిస్తుంది. వాడు చూస్తాడు. వెళ్లి ఒక గిన్నె కడిగొచ్చి మళ్లీ ఆడిస్తుంది. వాడు మళ్లీ చూస్తాడు. చూసీ చూసీ ఒకరోజు కసిరాను. నాకు నోరెక్కువని మా ఊరు భావనపాడంతా ఎరిగిందే.

ఆమె భయం నాకు తెలీక కాదు. ఐదో నెలలో ఉషకి ఆటలమ్మ పోసింది. ఒళ్లంతా పొక్కులు. మా అత్త కూర్మమ్మ వేపాకు పరిచి పడుకోబెట్టింది. చేపలమ్ముకుని బతికే ఇంట్లో తొమ్మిది రోజులు చేప వండలేదు, తిరగమోత వెయ్యలేదు. ఆసుపత్రిలో మాత్రం చెప్పొద్దంది. అమ్మవారిని జబ్బంటే కోపగించుకుంటుందట. ఆ నెల ఆసుపత్రిలో నర్సు ఉష కాన్పు కార్డు తీసి జ్వరమేమైనా వచ్చిందా అని అడిగితే ఉష లేదంది. పక్కనే ఉన్న నేనూ ఊరుకున్నాను. నా ఇంత నోరూ ఆ రోజు ఏమైందో!

కాన్పయ్యాక ఎవరో ఫోనులో చూపించారు, కడుపుతో ఉండగా ఆటలమ్మ వస్తే బిడ్డ కళ్లకి దెబ్బని. అంతే, ఉషకి అన్నం సయించలేదు. పిల్లాడు పడుకున్నా తను పడుకోదు. టీకాకి తీసుకెళ్దామంటే అబద్ధం బయటపడుతుందని కదల్లేదు. మొన్న పొద్దున్న పిల్లాణ్ణి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఈణ్ణి నువ్వు పెంచీ అక్కా. నా కాడుంటే ఈడు బాగుపడడు."

నువ్వెక్కడికెళ్తావని అడిగితే గుమ్మం వైపు తిరిగింది. గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను. అది వదలకుండానే అత్తని కేకేశాను, ఎన్నడూ అననివన్నీ అనేశాను. అత్త చేపల తట్ట దించింది. వెళ్లి ఆటో పిలుచుకొచ్చింది.

ఆసుపత్రిలో ముందుగా నోరు విప్పింది కూడా అత్తే.

"ఐదో నెల్లో దీనికి ఆటలమ్మ పోసింది తల్లీ. నేనే సెప్పొద్దన్నాను. దీని తప్పేటీ లేదు."

డాక్టరమ్మ టార్చి వేసి పిల్లాడి కళ్లు చూసింది. బాగానే ఉన్నాయి, పెద్దాసుపత్రిలో కంటి డాక్టరుకీ ఒకసారి చూపించండి అంది. మేము హమ్మయ్య అనుకున్నాం. ఉష మాత్రం అక్కడే, ఆ బల్ల దగ్గరే, మళ్లీ చెయ్యి ఆడించింది. అది చూసి డాక్టరమ్మ, నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లయిందమ్మా అని అడిగింది. మా ఇంట్లో ఆ మాట ఒక్కరమూ అడగలేదు. ఉష భోరుమంది.

కాన్పు తర్వాత కొందరికి మనసుకి జబ్బు చేస్తుందట. మందులున్నాయి, నయమవుతుంది, ఒంటరిగా వదలొద్దు, ఇవాళే శ్రీకాకుళం తీసుకెళ్లండి అంది డాక్టరమ్మ. అత్త నా వైపు చూసింది. మనసు డాక్టరు దగ్గరికెళ్లిందంటే ఊళ్లో పిచ్చిదంటారు. మళ్లీ దాచమంటుందేమోనని నేను దెబ్బలాటకి సిద్ధంగా ఉన్నాను.

అత్త సంచిలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదీ జబ్బే కదా తల్లీ, రాసీయండి. ఈపాలి దాసుకోం."